జహాజ్ తాత క్యాసెట్టులో నా ఊ

నా చిన్నప్పుడు మా వీధిలో నాకొక పేరుండేది. చదువులోనో ఆటల్లోనో వచ్చిన పేరు కాదు, ఊ కొట్టడంలో వచ్చిన పేరు. మా నాయనమ్మ కథ మొదలుపెట్టే ముందు నేను వచ్చి కూర్చున్నానో లేదో చూసుకునేది. మిగతా పిల్లలు రెండు ఊలు కొట్టి మూడోదానికి కునుకు తీసేవాళ్ళు. నేనలా కాదు. రాక్షసుడు వస్తే ఒక రకం ఊ, రాజకుమారి ఏడిస్తే ఇంకో రకం ఊ, నాయనమ్మ కథ మరిచిపోయి తడుముకుంటే ఆమెకు ధైర్యం చెప్పడానికి వేరే ఊ. ఈ విద్యలో నన్ను మించినవాళ్ళు జహీరాబాద్ మొత్తంలో లేరని నాకు గట్టి నమ్మకం. అరవై దాటినా ఆ నమ్మకం పోలేదు.

మా పక్కింటి అక్క అప్పుడే డిగ్రీ పూర్తి చేసింది. ఆమెకు రేడియో అంటే ప్రాణం. రొట్టెలు చేస్తూ వార్తలు చదివేది, బట్టలు ఆరేస్తూ ఎండావానల సంగతి ప్రకటించేది. హైదరాబాద్‌లో రేడియో కార్యక్రమాలు చేయడానికి కొత్తవాళ్ళు కావాలని, ఆసక్తి ఉన్నవాళ్ళు తమ ఊళ్ళో ఎవరితోనైనా అరగంట ముచ్చటించి ఆ క్యాసెట్టు పంపాలని కబురు తెలిసింది. వాళ్ళ నాన్న సరేనన్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. ఇది కుదరకపోతే వచ్చే నెల నుంచి బీదర్‌లో మేనమామ నడిపే బడిలో టీచరుగా చేరిపోవాలి. ఎటు చూసినా అక్క మా వీధి వదిలి వెళ్ళేదే. కానీ బీదర్ అయితే ఏడుస్తూ వెళ్తుంది, హైదరాబాద్ అయితే నవ్వుతూ వెళ్తుంది. పైగా హైదరాబాద్ వెళ్తే ఆమె గొంతు రోజూ మా ఇంటికే వస్తుంది. అందుకని నేను హైదరాబాద్ పక్షాన నిలబడ్డాను.

అక్క మాట్లాడించాలనుకున్న మనిషి జహాజ్ తాత. హైవే పక్కన ఆయనకు రేకుల దుకాణం ఉండేది. లారీల వాళ్ళ దగ్గర పాత నూనె డ్రమ్ములు కొని, వాటిని కోసి, ధాన్యం పోసుకునే డబ్బాలు, బకెట్లు, పొయ్యిలు చేసి అమ్మేవాడు. మొగుడంపల్లి, ఝరాసంగం నుంచి రైతులు ఆయన డబ్బాల కోసమే వచ్చేవాళ్ళు. వయసులో ఉన్నప్పుడు బొంబాయి వెళ్ళి ఓడ ఎక్కాడు కాబట్టి ఊరంతా ఆయన్ని జహాజ్ తాత అనేవాళ్ళు. దుకాణంలో బకెట్ల మధ్య గోడకు ఒక డ్రమ్ము అడుగుభాగం వేలాడేది. దాని నిండా గుంటలు. బేరాలు లేని పూట తాత దాన్ని దించి, చివర రబ్బరు చుట్టిన రెండు పుల్లలతో వాయించేవాడు. ఇనుములోంచి అంత తియ్యటి పాట ఎలా వస్తుందో ఎవరికీ అర్థమయ్యేది కాదు. తాతకు జర పిచ్చి అని కొందరు నవ్వేవాళ్ళు. ఆయన కూడా వాళ్ళతో కలిసి నవ్వేసేవాడు తప్ప దాని కథ ఎవరికీ చెప్పేవాడు కాదు. నాకు మాత్రం ముక్కలు ముక్కలుగా చెప్పేవాడు. ఎందుకో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

అక్క అడగ్గానే ఆయన, "పోరిని తోలుకరా బిడ్డా, అది ఉంటేనే చెప్త," అన్నాడట. అక్క వచ్చి ఆ మాట చెప్పినప్పుడు నేను నేల మీద నడవలేదు. ఫోటో స్టూడియో ఆయన దగ్గర టేప్ రికార్డర్ ఒక్కరోజుకు అడిగి తెచ్చింది. క్యాసెట్టు ఒకటే. మర్నాటితో గడువు అయిపోతుంది. మా బాబాయి ఏదో పని మీద నాలుగింటి బస్సుకు హైదరాబాద్ వెళ్తున్నాడు, ఆయన చేతికి ఇస్తే పొద్దున్నే అందజేస్తాడు. అంటే నాలుగింటిలోపు అంతా అయిపోవాలి.

భోజనాలు కాగానే దుకాణానికి వెళ్ళాం. స్టూలు మీద టేప్ రికార్డర్ పెట్టి, దాన్ని ఆనుకుని నన్ను కూర్చోబెట్టి, అక్క ఎర్ర మీట నొక్కింది. తాత గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. ఓడలో ఇంజను దగ్గర పని చేసేవాడట. ఎక్కడో కరీబియన్ సముద్రంలో ఒక దీవి దగ్గర ఓడ చెడిపోయింది. సామాను రావడానికి నెలలు పట్టింది. పని లేక వీధులు తిరుగుతుంటే కుర్రాళ్ళు నూనె డ్రమ్ములు కొడుతూ కనిపించారు. అంతకుముందెప్పుడో వాళ్ళ డోళ్ళు వాయించొద్దని సర్కారు హుకుం ఇచ్చిందట. డోలు లేకపోతేనేం అని వాళ్ళు బిస్కెట్ డబ్బాలు, చెత్తడబ్బాల మూతలు వాయించారు. ఏ గుంట కొడితే ఏ స్వరం పలుకుతుందో కనిపెట్టి చివరికి డ్రమ్ములకు వచ్చారు.

తాత నాలుగు రోజులు చూశాడట. ఒక కుర్రవాడు సుత్తి పట్టుకున్న తీరు చూసి ఆయనకు చేతులు దురద పెట్టాయి. రేకు పని తాతముత్తాతల నాటి విద్య, ఈ పిల్లలు నాకు చెప్పేదేముంది అనుకుని సుత్తి లాక్కుని ఒక్క దెబ్బ వేశాడు. డ్రమ్ముకు చిల్లు పడింది. వీధి వీధంతా పడిపడి నవ్విందట. వాళ్ళలో ఒక పెద్దాయన వచ్చి, నీ దగ్గర బలముంది, చెవి లేదు అన్నాడు. ఇనుమును కొట్టకూడదు, అడగాలి, అడిగి అదేం చెప్తుందో వినాలి, విన్నాక మళ్ళీ అడగాలి అని దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పాడు. చిల్లు కథ చెప్తున్నప్పుడు తాత మొహం చూడాల్సింది. నలభై ఏళ్ళు తగ్గిపోయినట్టనిపించింది. నేను కూడా నా విద్యనంతా చూపించాను. అలాంటి ఊలు నా జీవితంలో మళ్ళీ కొట్టలేదు.

అరగంట అయ్యాక అక్క క్యాసెట్టు వెనక్కి తిప్పి పెట్టింది. ముందు లారీ హారను వినిపించింది. తర్వాత ఊ. తర్వాత తాత గొంతు, దాని మీద ఊ. పాలకు అరిచే దూడలా, వాక్యానికి రెండు ఊలు. స్టూలు పక్కనే కూర్చోవడం వల్ల తాత కంటే నేనే గట్టిగా వినిపిస్తున్నాను. తన గొంతు తొలిసారి బయట నుంచి వినడమంటే ఎవరికైనా కష్టమే, నాకైతే భూమిలోకి పోవాలనిపించింది. అక్క మొహం పాలిపోయింది. నా వల్ల అక్క బీదర్ వెళ్ళిపోతుందని అప్పటికప్పుడే ఏడుపు మొదలుపెట్టాను.

అక్క నా కళ్ళు తుడిచింది. తాతకని తెచ్చిన కాగితం పొట్లంలోంచి కొత్తబెల్లం ముక్క తీసి నా నోట్లో పెట్టింది. "ఇది కరిగేదాక నోరు తెరవొద్దు. కరిగినంక ఇంకోటి ఇస్త," అంది. క్యాసెట్టు రెండో వైపు తిప్పింది. తాతను మళ్ళీ మొదటి నుంచి చెప్పమంది. పాపం, ఆయన కాదనలేదు.

ఈసారి నేను బొమ్మలా కూర్చున్నాను. కదిలితే ఊ వచ్చేస్తుందేమోనని తల కూడా ఊపలేదు. ఓడ చెడిపోయిందన్నాడు తాత. నా వైపు చూశాడు. దీవిలో దిగామన్నాడు. మళ్ళీ చూశాడు. డోళ్ళ సంగతి రెండు ముక్కల్లో తేల్చేశాడు. చిల్లు ఊసే ఎత్తలేదు. నేర్చుకున్నాం, వచ్చేశాం అని పది నిమిషాల్లో కథ ముగించి చేతులు తుడుచుకున్నాడు. అక్క అయోమయంగా చూస్తుంటే, ఆయన నా దవడలో ఉబ్బిన బెల్లాన్ని చూసి అడిగాడు.

"ఏమైంది బిడ్డా, పోరికి నా ముచ్చట నచ్చుతలేదా? గోడకు చెప్పినట్టున్నది."

అక్క అసలు సంగతి చెప్పింది. తాత పుల్లలతో డ్రమ్ము అంచు మీద మెల్లగా తట్టాడు. తర్వాత అన్నాడు.

"ఆ దీవిల కథ చెప్పేటోడు నడుమ నడుమ క్రిక్ అంటడు. కూసున్నోళ్ళు క్రాక్ అనాలె. అనకుంటే ఆయన ఇంక ముందుకు పోడు, లేసి ఇంటికి పోతడు. ఈడ ఊ, ఆడ క్రాక్. గంతే ఫరక్."

మూడు దాటింది. అక్క రెండు వైపులా ఒక్కో నిమిషం విన్నది. రెండో వైపు మాట శుభ్రంగా ఉంది, మనిషి లేడు. మొదటి వైపు గోలగోలగా ఉంది, అందులో తాత ఉన్నాడు, చిల్లు పడ్డ డ్రమ్ము ఉంది, నవ్విన వీధి ఉంది. రెండో వైపు మిగిలిన చోట తాతతో పాట వాయింపించి నింపింది. పాటకు ఊ అక్కర్లేదు కాబట్టి నేను బెల్లం నిమ్మళంగా తిన్నాను. ఏ వైపు ముందు వినాలో కాగితం మీద రాస్తూ అక్క ఆగింది. నేను రెండో వైపు అని రాయమని ఏడుపు గొంతుతో బతిమాలాను. అక్క తల అడ్డంగా ఊపింది.

"నీ ఊ తీసేస్తే తాత గూడ పోతడు. మొదటి దిక్కే వినమని రాస్త."

బాబాయి బస్సు ఎక్కాడు. ఆ తర్వాత జవాబు వచ్చేదాకా నేను ఊ కొట్టడం మానేశాను. నాయనమ్మ ఎంత అడిగినా నోరు విప్పలేదు. ఆమె కథలు మధ్యలోనే ఆగిపోయేవి. ఒంట్లో బాగాలేదేమోనని దవాఖానకు తీసుకుపోదామా అని కూడా అనుకున్నారు. చివరికి ఒక మధ్యాహ్నం అక్క ఉత్తరం పట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా మా ఇంట్లోకి పరుగెత్తుకొచ్చింది. రేడియో వాళ్ళు రమ్మన్నారు. పెద్దాయనను అంత బాగా ఎలా మాట్లాడించారని మెచ్చుకుని, కింద ఒక ప్రశ్న రాశారు. ఊ కొట్టిన పాప ఎవరు అని. ఆ ఉత్తరాన్ని నాయనమ్మకు, జహాజ్ తాతకు, ఫోటో స్టూడియో ఆయనకు నేనే స్వయంగా చదివి వినిపించాను. ఆ రోజు నాయనమ్మ ఆగిపోయిన కథలన్నీ వరసగా పూర్తి చేసింది.

తర్వాత చాలా ఏళ్ళు గడిచాయి. తమాషా ఏమిటంటే అక్క తప్పించుకున్న టీచరు ఉద్యోగం నేను చేశాను, ఇష్టంగానే చేశాను. పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాక జహాజ్ తాత పాట ఏమిటో తెలుసుకోవాలన్న కోరిక పట్టుకుంది. మా మేనల్లుడు ఇక్కడి ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. వాడే నాకు కంప్యూటర్‌లో దూరదేశాల వాళ్ళతో మాట్లాడటం, దాన్ని రికార్డు చేసి అందరూ వినేలా నెట్‌లో పెట్టడం నేర్పాడు. ఇక్కడ సాయంత్రం టీ తాగే వేళకు అక్కడ పొద్దున అవుతుంది. ఆ దీవుల్లో డ్రమ్ముల సంగీతానికి బాట వేసినవాళ్ళతో, ఊరేగింపు పండుగలు నడిపేవాళ్ళతో, డ్రమ్ములు చేసి దేశదేశాలకు అమ్మే వ్యాపారస్తులతో ముచ్చట్లు పెడుతుంటాను. తాత పాటను నేను కూనిరాగం తీస్తే ఎవరూ గుర్తుపట్టలేదు. ఒకావిడ మాత్రం సగం మాదే, మిగతా సగం మీ తాత కలిపి ఉంటాడు అని నవ్వింది. నాకు ఆ మాట చాలు.

మొన్నీమధ్య తొంభైకి దగ్గర పడిన ఒక డ్రమ్ముల పెద్దాయనతో మాట్లాడాను. చిన్నప్పుడు సుత్తి పట్టడం ఎలా నేర్చుకున్నాడో చెప్తున్నాడు. నేను అలవాటు కొద్దీ ఊ కొడుతున్నాను. మేనల్లుడు గుసగుసగా, "అత్తా, నువ్వు ఊ అన్నప్పుడల్లా ఆయన మాట తెగిపోతున్నది. జర మ్యూట్‌ల పెట్టు," అన్నాడు. పెట్టాను. పెద్దాయన ఇంకో రెండు మాటలు చెప్పి నెమ్మదించాడు. తెర దగ్గరికి వంగి, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని వెతికినట్టు చూశాడు. అదే చూపు, రేకుల దుకాణంలో జహాజ్ తాత నా దవడ వైపు చూసిన చూపు.

"క్రిక్?" అన్నాడాయన.

కంగారులో నాకు మీట దొరకలేదు. మేనల్లుడి చెయ్యి తోసేసి, కళ్ళజోడు సర్దుకుని, ఎలాగో నొక్కి, నాకున్న గొంతంతా పెట్టి "క్రాక్" అన్నాను. ఆయన ఒక్క క్షణం బిత్తరపోయి, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. భారతదేశంలో ఏదో మూలన కూర్చున్న ముసలావిడకు ఈ మాట ఎవరు నేర్పారని అడిగాడు. చెప్పాను. డ్రమ్ముకు చిల్లు పెట్టిన కథ చెప్తుంటే ఈసారి ఆయనే నాకు క్రాక్ అన్నాడు. ఆ తర్వాత గంటసేపు ఆయన ఆగలేదు. అక్కడక్కడా మాట తెగింది. తెగితే తెగనీ అనుకున్నాను. నా ఊలను మేనల్లుడు కోసేస్తానన్నాడు, నేను ఒక్కటి కూడా ముట్టుకోనివ్వలేదు.

ఆ చిన్న వయసులో నోట్లో బెల్లం పెట్టుకుని నేర్చుకున్నది నాలో అలాగే ఉండిపోయింది. ఎదుటి మనిషి మనసు విప్పాలంటే నేనిక్కడే ఉన్నానని వాళ్ళకు తెలియాలి. నా బడి పిల్లల దగ్గరా, పెద్దల దగ్గరా, ఆ మాట మీదే నడిచాను. ఆ సాయంత్రమే హైదరాబాద్‌లో ఉన్న అక్కకు ఫోన్ చేశాను. ఆమెకు ఇప్పుడు చూపు తగ్గింది, గొంతు మాత్రం రేడియో గొంతే. క్రిక్ దగ్గర నుంచి క్రాక్ దాకా ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. నేను చెప్తున్నంతసేపూ అవతలి నుంచి అక్క ఊ కొడుతూనే ఉంది.