నలభై ఇళ్ల బెల్లం టీ

ముందే చెబుతున్నాను: ఇది ఒక ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ విద్యార్థి తన ప్రాజెక్టును నిలువునా టీలో ముంచేసిన కథ. నవ్వు ఇప్పుడే మొదలుపెట్టినా నేనేమీ అనుకోను.

మా అనకాపల్లి చుట్టుపక్కల పల్లెల్లో టీలోకి బెల్లం వేస్తారా, పంచదారా? ఇదీ నా ప్రశ్న. ఈసారీ కుదరకపోతే డిగ్రీ ఏడాది వెనక్కి పోతుందని గైడ్ మేడమ్ హెచ్చరించారు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలంటారు పెద్దలు. ఆ పెద్దలెవరూ వైవాకి హాజరైనవాళ్లు కారు. నేను పద్ధతిగా లెక్కవేశాను: ఇంటికీ ఇంటికీ ఎంత తేడా ఉండవచ్చు, ఎంత పొరపాటు ఓర్చుకోగలను, సమయమెంత, బండిలో పెట్రోలెంత, జవాబివ్వం పొమ్మనేవాళ్లెందరు. నలభై ఇళ్లు తేలాయి.

మా మేనత్త కొడుకు నూకరాజు బండి మీద రోలుగుంట వైపు ఒక పల్లెకి వెళ్లాం.

మొదటి ఇంటావిడ నా ప్రశ్న పూర్తి కానివ్వలేదు. "అడగడం ఏటి బాబూ, తాగి సూడు. బెల్లమెయ్యమంటావా, పంచదారా?"

"బెల్లమే పిన్నీ!" అన్నాను, అనకాపల్లి పౌరుషంతో.

రెండో ఇంట్లో బెల్లం. మూడో ఇంట్లో బెల్లం. ఇక నోటితో అడగడమెందుకు, నాలుక సాక్ష్యం ఉండగా! గుక్క తాగడం, టిక్కు పెట్టడం. కొండల మీది మంచు చెరకు తోటల్లోకి దిగి కునుకు తీస్తోంది. నడుస్తున్నానో, పాకంలో తేలుతున్నానో తెలియడం లేదు. ప్రతి గుమ్మంలోనూ నాకోసం గ్లాసు ముందే పొగలు కక్కుతోంది. ముందే ఎందుకని అడగలేదు. కలలో ఎవరైనా కారణాలడుగుతారా?

"బావా, కడుపులో గానుగ తిరుగుతంది. ఎల్లిపోదాం," అన్నాడు నూకరాజు.

"ఒక్క ఇల్లు తగ్గినా కచ్చితత్వం పోతుంది బావా."

"నాకు పేణమే పోయేలా ఉంది!"

నలభయ్యో ఇంట్లో ఒక ముసలమ్మ గ్లాసు అందించింది. చివరి ఇల్లు కదా, ముచ్చటపడి అడిగాను. "మీ ఇంట్లో ఎప్పుడూ బెల్లమేనా మామ్మా?"

"మాకు బెల్లమెక్కడిది నాయనా? పంచదారే ఏత్తాం. నీకు బెల్లమంటే పేణమంట కదా, పొద్దున్నే ఈదంతా సెప్పేసుకున్నారు. పక్కింట్లో అడిగి తెచ్చేను."

"మరి... మిగతా ఇళ్లలో?"

"రోజూ ఆళ్లేటేత్తారో ఆళ్లకే తెలాలి. ఈయాల మాత్తరం అందరిదీ బెల్లమే, నీకోసం!"

నూకరాజు అరుగు మీద కూలబడి నవ్వుతూనే ఉన్నాడు.

మర్నాడు మేడమ్‌కి జరిగింది చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"శాంపిల్ సైజు ఎంతని రాశావు?"

"నలభై, మేడమ్."

"కొట్టేసి ఒకటని రాయి. నువ్వు సర్వే చేసింది నిన్నొక్కణ్ణే."

డిగ్రీ ఏడాది వెనక్కి జరిగింది. కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: టీలో ఏం వెయ్యమంటావని ఎవరడిగినా, "మీరు రోజూ ఏం వేసుకుంటారు?" అనే ఎదురడుగుతాను. అడిగింది మా అమ్మ అయినా సరే.