నిలువు గీత

రెండువేల సంవత్సరంలో ఈశ్వరరావు రాఫెల్స్ ప్లేస్‌లో ఒక ఆఫీసులో బొమ్మలు గీసేవాడు. ఓడరేవుకు సాఫ్ట్‌వేర్ రాసే చిన్న కంపెనీ అది. ప్రోగ్రాం రాయకముందే దాని క్లాసులను, అంటే విడివిడి భాగాలను, పెట్టెలుగా గీసి, లోపలి ఒక్కో పేరు ముందు ఒక గుర్తు పెట్టాలి. ప్లస్ అంటే పబ్లిక్, ఎవరైనా ముట్టుకోవచ్చు. హాష్ అంటే ఆ పెట్టెకూ, దాని నుంచి పుట్టిన పెట్టెలకూ. మైనస్ అంటే ప్రైవేట్, బయటివాళ్లు చెయ్యి పెట్టకూడదు.

కంటైనర్ బరువు ముందు అతను మైనస్ పెట్టాడు. కింద సంతకం చేసి కాగితాన్ని గోడకు అంటించాడు. గుర్తు పెడితే చాలు, అదే కాపలా కాస్తుందని అతని నమ్మకం.

యీషున్‌లో అతనూ జనార్ధనరావూ ఒకే ఫ్లాట్. ఇద్దరిదీ కాకినాడే, ఆఫీసూ ఒకటే. ఇంట్లో తన కాఫీ పొడి డబ్బా మీద కూడా ఈశ్వరరావు నల్ల పెన్నుతో మైనస్ గీశాడు. మర్నాటికి దాని మధ్య నీలం గీత ఒకటి నిలువుగా దిగి ఉంది, కొంచెం కుడికి వాలి.

“ఇక పబ్లిక్ బావా!” అన్నాడు జనార్ధనరావు, ఆ కాఫీయే చప్పరిస్తూ. ఆఫీసులో కూడా చెప్పి నవ్వించాడు. ఈశ్వరరావూ నవ్వాడు.

ఈ దేశంలో ఉండి పనిచేయడానికి అతనికిచ్చిన పాస్ నెలాఖరుకు అయిపోతుంది. పొడిగించాలంటే కంపెనీ ఉత్తరం కావాలి. ఈ పని సాఫీగా ముగిస్తే ఇస్తానన్నాడు మేనేజర్ అఖ్తర్.

ఓడలోకి సరుకెక్కించే భాగం జనార్ధనరావు రాస్తున్నాడు.

“బరువు నన్నే మార్చుకోనీ బావా. ప్రతిసారీ నీ క్లాసుని బతిమాలలేక చస్తున్నా.”

“కుదర్దు,” అన్నాడు ఈశ్వరరావు.

క్లయింట్ ముందు ప్రోగ్రాం నడిపిన రోజు, నిండు కంటైనర్ బరువు తెర మీద సున్నా అని వచ్చింది. వాళ్లు లేచి వెళ్లిపోయారు. ఆ క్లాసు కోడ్ రాసిన శ్రీలేఖ గోడ వైపు చూపించింది. “బొమ్మలో ఉన్నట్టే రాశాను సార్. సరుకెక్కించే భాగం వచ్చి బరువుని చెరిపేసింది.”

బరువు ముందు ప్లస్ ఉంది.

ఈశ్వరరావు దగ్గరికి వెళ్లి చూశాడు. అడ్డగీత నలుపు. నిలువు గీత నీలం. కొంచెం కుడికి వాలి ఉంది.

“ఇది జనార్ధనరావు గీసింది.”

“నేనా?” జనార్ధనరావు కళ్లు పెద్దవి చేశాడు. “ఏంటి బావా, ఇది కూడా నీ కాఫీ డబ్బా అనుకున్నావా?”

గదంతా నవ్వింది.

అఖ్తర్ నవ్వలేదు. “గోడకు అంటించింది మీరే గదా, రావ్ సాబ్. వచ్చేటోళ్లు పోయేటోళ్లు అందరి ముందర పెడితిరి. గీత ఎవరిదైతేంది, సంతకం మీది. నేనేం జెయ్యాలె?”

ఉత్తరం రాలేదు.

కాకినాడ తిరిగి వెళ్లే రోజు పొద్దున ఈశ్వరరావు సూట్‌కేసు మూస్తుంటే, జనార్ధనరావు రెండు గ్లాసుల్లో కాఫీ తెచ్చాడు.

“తాగు బావా. డబ్బా ఉంచేసి వెళ్తావుగా?”

పొడి తనదే. ఈశ్వరరావు తాగాడు.