నేనిచ్చిన నిద్ర గోలీ

ఆ ఆదివారం పొద్దున రామన్నపేటలో బస్సు దిగి పుట్టింటికి వెళ్లేసరికి బాపు గోడకు ఎదురుగా కింద కూర్చుని, రెండు చేతులూ గాలిలో ఆడిస్తున్నాడు. వేళ్లతో ఏదో పట్టుకుని, మెలిపెట్టి, వదులుతున్నాడు.

"ఏం చేస్తున్నవ్ బాపూ?" అన్నాను.

"పోగులు తెగినయ్. అతుకుతున్న. జర ఎల్తురుకు అడ్డం తప్పుకో."

ఎదురుగా గోడ తప్ప ఏమీ లేదు. మగ్గం పక్క గదిలో ఉంది. నవ్వబోయాను. అంతలో తల తిప్పి నన్ను చూసి, "నువ్వెవరింటి దానివమ్మా?" అని అడిగాడు.

బాపుకు డెబ్బై దాటాయి. అమ్మ పోయాక ఒక్కడే ఉంటూ ఇంకా చీరలు నేస్తున్నాడు. మొన్ననే ఫోన్లో కొత్త చీర అంచు గురించి ఎంతసేపో చెప్పాడు. ఆ మనిషేనా ఈయన?

పెదవులు ఎండి అట్టకట్టాయి. లేపబోతే పొత్తికడుపు పట్టుకుని మూలిగాడు. తాకి చూస్తే రాయిలా ఉంది. పక్కింటి చిన్నమ్మ పరుగున వచ్చి, "నిన్న సాయంత్రం సంది ఒంటికి పోతలేదన్నడు బిడ్డా" అంది. ఇద్దరం కలిసి ఆటోలో నల్లగొండ దవాఖానకు తీసుకెళ్లాం. దారిపొడవునా ఆయన పోగులు అతుకుతూనే ఉన్నాడు.

డాక్టరమ్మ ముందు గొట్టం వేయించి మూత్రం తీయించింది. ఆ తర్వాత నన్ను అడిగింది.

"ఏమేం మందులు వాడుతున్నడు?"

"బీపీ గోలీ ఒక్కటే మేడమ్."

అప్పుడే నర్సు బాపు అంగీ జేబులోంచి ఒక గోలీల పట్టీ తీసి బల్ల మీద పెట్టింది. చూడగానే గుర్తుపట్టాను. ఒంటిమీద దద్దుర్లు లేస్తే నాకు రాసిచ్చిన గోలీలవి. వేసుకుంటే మత్తుగా నిద్ర పట్టేది. అమ్మ పోయాక నిద్ర రావట్లేదని బాపు బాధపడితే, మిగిలిన పట్టీ నేనే చేతిలో పెట్టాను. "జలుబు గోలీ అసొంటిదే బాపూ, ఏం గాదు" అని కూడా అన్నాను.

కానీ నేనిచ్చినవి ఎప్పుడో అయిపోయి ఉండాలి.

"ఖాళీ పట్టీ చూపెట్టి మందుల దుకాణంల తెచ్చుకుంటుండె," అంది చిన్నమ్మ. "ఒక్కటి పనిచేస్తలేదని మూడు ఏసుకుంటున్న అన్నడు."

డాక్టరమ్మ పట్టీ తీసుకుని వెనక్కి తిప్పి చూసింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "ఇది దురదకు, జలుబుకు ఇచ్చే మందు. మత్తొస్తదని నిద్రకు వాడుతరు. ముసలోళ్లకు నోరెండుతది, మూత్రం బంద్ అయితది, మతి తప్పుతది. తూలి పడి తుంటి ఇరగ్గొట్టుకుంటరు. కల్లు తాగుతడా?"

"సాయంత్రం ఒక సీసా," అన్నాను.

"రెండూ కలిస్తే ఇంకా ప్రమాదం. మీరైనా సరే, ఇది ఏసుకుంటే తెల్లారి బండి నడపొద్దు."

ఆ గోలీలు వాడిన రోజుల్లో ఒక పొద్దున, బడికి వెళ్తూ నా స్కూటీ రోడ్డు దిగి కంపల్లోకి పోయింది. పని అలసట అనుకున్నాను. పట్టీ వెనక చిన్న అక్షరాల్లో అంతా రాసే ఉంటుంది. టీచర్ని, పిల్లలకు చదవడం నేర్పేదాన్ని, ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు.

మూడో రోజుకు బాపు తేరుకున్నాడు. "ఎప్పుడొచ్చినవ్ బిడ్డా?" అన్నాడు. నాకు ఏడుపాగలేదు. జరిగింది చెప్పి, తప్పు నాదన్నాను.

"నువ్విచ్చింది ఒక్కటేసుకొమ్మని. మూడేసుకున్నది నేను గదా," అన్నాడు. సిగ్గుపడుతూ, "నిన్ను గుర్తుపట్టలేదా నిజంగ?" అని అడిగాడు.

ఇంటికి తెచ్చాక ఆ పట్టీ పారేశాను. రాత్రి నిద్ర పట్టేందుకు సాయంత్రం చాయ్, పగటి నిద్ర మాన్పించాను. వారం తర్వాత ఎదురింటి అవ్వ పలకరించడానికి వచ్చింది. కొంగు ముడి విప్పి ఒక గోలీల పట్టీ చూపించింది.

"మీ బాపు చెప్తే నేను గూడ తెచ్చుకున్న బిడ్డా. సదువుకున్న బిడ్డ ఇచ్చింది, ఏం గాదన్నడు."

ఆ పట్టీ అందుకుని వెనక్కి తిప్పి చదివాను. అవ్వను కూర్చోబెట్టి, రోజుకు ఎన్ని వేసుకుంటోందో అడిగాను.