నిమ్ము అని చెప్పుకున్నాం

ఆ రోజు ఎక్స్‌రే గదిలో ఒక పెద్దాయనను ప్లేటుకు ఆనించి నిలబెట్టి, "తాతా, ఊపిరి పీల్చి పట్టుకో" అన్నాను. సరిగ్గా అప్పుడే బల్ల మీద ఫోన్ మోగింది. ఫొటో తీశాను, ఫోన్ చూశాను, చూస్తూ ఉండిపోయాను. కెనడా నుంచి మెయిల్. నైపుణ్యం ఉన్న ఉద్యోగుల కోటా కింద శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోమని ఆహ్వానం. రెండేళ్లుగా మేం ఎదురుచూస్తున్నది దాని కోసమే.

"వదలాల్నా వద్దా బిడ్డా?" అని ప్లేటు దగ్గర నుంచి కేక. పాపం, ముసలాయన ముఖం కందగడ్డలా అయింది. "అయ్యో, వదులు తాతా, వదులు!" అన్నాను. ఆయన నన్ను తిట్టుకుంటూ చొక్కా వేసుకున్నాడు.

సాయంత్రం మా ఆయన పాపను ఎత్తుకుని చిలకలగూడలోని మా డయాగ్నొస్టిక్ సెంటర్‌కే వచ్చేశాడు. "నీ ఉద్యోగం పుణ్యాన పోతున్నం. ఇగ నువ్వే మా లీడర్!" అని అందరి ముందూ దండం పెట్టాడు. నవ్వాను. మనసు మాత్రం మెయిల్‌లోని ఒక షరతు దగ్గరే ఆగింది. దరఖాస్తుతో పాటు ముగ్గురికీ వైద్య పరీక్షలు జరగాలి. పెద్దవాళ్లకు ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి.

నాకు పదహారేళ్లప్పుడు టీబీ వచ్చింది. ఈ ఒక్క వాక్యం రాయడానికి సగం జీవితం పట్టింది. అప్పుడు మేం మౌలాలి రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. ఎవరడిగినా అమ్మ "నిమ్ము చేసింది" అనేది. దగ్గర్లో చూపిస్తే నలుగురికీ తెలుస్తుందని నేరేడ్‌మెట్‌లో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేది. పక్కింటివాళ్లకు ట్యూషన్ అని చెప్పేది. ఏ ట్యూషన్‌కైనా తల్లి కూడా తోడు వెళుతుందా అని ఎవరూ అడగకపోవడం మా అదృష్టం. ఆరు నెలలు మందులు మింగాను, పూర్తిగా తగ్గింది. "ఇగ ఈ ముచ్చట ఇక్కడికి బంద్. రేపు నీ మొగుడికి సుత చెప్పొద్దు" అని అమ్మ తన తల మీద నా చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది.

అలాంటి నేను పోయి పోయి ఎక్స్‌రే టెక్నీషియన్‌నే అయ్యాను, చూడండి నా రాత! పని నేర్చుకునే రోజుల్లో స్నేహితురాలి చేత ఒకసారి నా ఛాతీ ఫొటో తీయించుకున్నాను. కుడివైపు పైభాగంలో మచ్చ, సున్నం చిమ్మినట్టు. వెంటనే ఆ ఫొటో చెరిపించేశాను. మానిన మచ్చ వల్ల ఎవరికీ ప్రమాదం లేదని నాకు తెలుసు. కానీ దాన్ని చూసిన ఏ డాక్టరైనా మందులు వాడిన కాగితాలు అడుగుతాడు. అవి లేకపోతే తెమడ పరీక్షలు చేయిస్తారు. ఆ ఫలితాలకు రెండు నెలలు పట్టవచ్చు. మాకున్న గడువు అరవై రోజులు.

పరీక్షలు చేసే ఆసుపత్రి వాళ్లు ముందే నింపి తెమ్మని ఆరోగ్యం గురించి ఒక ఫారం పంపారు. ఆదివారం పొద్దున చాయ్ తాగుతూ మా ఆయన పెన్ను పట్టుకున్నాడు. "షుగర్? లేదు. బీపీ? లేదు. టీబీ?" నా వైపు చూడను కూడా లేదు. "లేదు" అని టిక్కు పెట్టి పేజీ తిప్పాడు. నేను నోరు తెరిచాను. "చాయ్‌ల చక్కెర తక్కువైందా?" అన్నాను. ఛీ, ఏం మనిషిని నేను!

ఆ టిక్కుతో కాగితాలు వెళ్లి, ఎక్స్‌రేలో మచ్చ కనబడితే, అబద్ధం ఆడామని మొత్తం దరఖాస్తే కొట్టేస్తారు. నిజం చెబితే, ఆరేళ్ల కాపురంలో మొదటి రోజు నుంచీ దాచానని ఆయనకు తెలుస్తుంది. పాప కడుపులో ఉన్నప్పుడు కూడా చెప్పలేదని తెలుస్తుంది. భయంతో అన్నం సహించలేదు. పనిలో ఎవరి ఛాతీ ఫొటో చూసినా కళ్లు ముందు కుడివైపు పైకే పోయేవి.

బుధవారం డ్యూటీ దిగి నేరుగా మౌలాలిలో అమ్మ ఇంటికి వెళ్లాను.

"అమ్మా, నా మందుల కార్డు కావాలె."

"ఏం మందులు?"

"నిమ్ము మందులు."

"ఎప్పటి ముచ్చట్నో ఇప్పుడు తవ్వుతున్నవేందే?" అని గొణుగుతూనే లేచి, రేషన్ కార్డు ఉండే స్టీలు డబ్బాలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. పారేయలేదు! గంతు వేసినంత పని చేశాను. విప్పి చూశాను. వయసు పదహారు. నెలనెలా ఇచ్చిన మందులు. చివర "పూర్తిగా నయమైంది" అని డాక్టరు సంతకం. పేరు మాత్రం నాది కాదు. అమ్మది.

"ఇదేందమ్మా?"

"మరేం జెయ్యాలె? నీ పేరు రాయిస్తే రేపు పెండ్లికొడుకు తరఫోళ్లు ఎంక్వైరీ జేస్తే? నా పెండ్లి అయిపాయె. నా పేరు మీద ఏ జబ్బుంటే ఎవనికేంది?"

తల బాదుకోవాలో, ఆమె కాళ్లు పట్టుకోవాలో తెలియలేదు. ఆ డాక్టరు ఎప్పుడో పోయాడు. క్లినిక్ ఉన్న చోట ఇప్పుడు మొబైళ్ల షాపు ఉంది. జబ్బు మచ్చ నా ఒంట్లో ఉంది, తగ్గిందన్న రుజువేమో అమ్మ పేరు మీద ఉంది. ఇంక దాచడానికి దారే లేదు.

నన్ను తీసుకెళ్లడానికి మా ఆయన బండి మీద వస్తే, అమ్మ వాళ్ల మెట్ల మీదే చెప్పేశాను. కార్డు చేతిలో పెట్టాను. ఆయన ముందు అడిగింది ఒకటే: "పాపకు?"

"పాపకేం కాదు. అది పుట్టకముందే, ఎప్పుడో తగ్గిపోయింది."

చాలాసేపు కార్డు తిప్పి తిప్పి చూశాడు. "నేను టిక్కు పెడుతుంటే చక్కెర గురించి అడిగినవ్" అన్నాడు. "నేనంత చెడ్డోన్నా?"

నాకు ఏడుపు ఆగలేదు. మూడు రోజులు పాప సంగతి తప్ప ఆయన నాతో ఏదీ మాట్లాడలేదు. నాలుగో రోజు కొత్త ఫారం నా ముందు పెట్టి, పెన్ను ఇచ్చి, "నువ్వే నింపు" అన్నాడు. టీబీ దగ్గర "అవును" అని టిక్కు పెట్టాను. కార్డు అత్తగారి పేరు మీద ఉంటే ఏం చేయాలని ఆయన ఆసుపత్రికి ఫోన్ చేసి అడిగాడు. కార్డుతో పాటు మీ అత్తగారి అఫిడవిట్ తెండి, డాక్టరు చూసి చెబుతారు, మేం హామీ ఇవ్వలేం అన్నారట.

అలా అమ్మను సికింద్రాబాద్ కోర్టు బయట, గొడుగు కింద కూర్చున్న టైపిస్టు దగ్గరికి తీసుకొచ్చాం.

"మా బిడ్డకు చిన్నప్పుడు నిమ్ము చేసింది" అని మొదలుపెట్టింది అమ్మ.

"నిమ్ముకు అఫిడవిట్ ఎందుకమ్మా? అసలు జబ్బేంది?"

అమ్మ నన్ను చూసింది. అల్లుడిని చూసింది. కొంగు భుజం మీదికి లాక్కుంది. ఇంట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు కూడా ఏనాడూ ఆమె నోట రాని మాట అది.

"టీబీ" అంది, వరసలో ఉన్నవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా. "నా బిడ్డకు టీబీ ఉండె. కార్డు మీద నా పేరు నేనే రాయించిన. అల్లుడా, చెప్పొద్దని ఒట్టు సుత నేనే వేయించుకున్న. దాన్నేమనకుండ్రి, నన్ను తిట్టుండ్రి."

మా ఆయన స్టూలు ముందుకు జరిపాడు. "కూసోండి అత్తమ్మా. కాళ్లు నొస్తయ్."

టైపిస్టు కాగితం కొట్టి, చదివి వినిపించి, సంతకం ఎక్కడో వేలు పెట్టి చూపించాడు. అమ్మ పెన్ను పట్టుకుని ఆగిపోయింది.

"నేను ఈడ సంతకం పెడితే, ఇగ ఇది నీ పేరు మీదికి వస్తది గదనే?"

"వస్తదమ్మా. పెట్టు" అన్నాను.

పెట్టింది.