ముహూర్తానికి మొదలైన ముప్పై కంప్యూటర్లు

ఈ సంగతి రాసి పెట్టడానికి కారణం ఒక ఫ్లెక్సీ. తిరువూరు నుంచి విస్సన్నపేట వెళ్లే దారిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ గేటుకు అది ఇంకా వేలాడుతోంది. ‘ప్రపంచ గణిత పరిశోధనలో మన కాలేజీ’ అని దాని మీద పెద్ద అక్షరాలు. పక్కన చైర్మన్ గారు మౌస్ మీద చెయ్యి వేసి నవ్వుతుంటారు. జరిగిందేమిటో నేను చెప్పకపోతే ఆ ఫ్లెక్సీయే చరిత్ర అయిపోతుంది.

కరోనా వెళ్లాక వచ్చిన రెండో వేసవి అది. తిరువూరు బస్టాండు దగ్గర నాది నెట్ సెంటర్. చదివింది ఇంటర్. మిగతా చదువంతా శాఖా గ్రంథాలయం పెట్టిన భిక్ష. అక్కడ అట్ట ఊడిపోయిన సంఖ్యావాదం, అదే నంబర్ థియరీ పుస్తకాన్ని నేను పదేపదే తెచ్చుకోవడం చూసి లైబ్రేరియన్ కరుణాకర్ గారు, “దీన్ని మీరే ఉంచేసుకోండి, అడిగేవాళ్లు ఎవరూ లేరు” అన్నారు. నేను ఉంచుకోలేదు. అట్ట వేయించి తిరిగి ఇచ్చాను.

ఆ పుస్తకమే నన్ను ఫ్యాక్టరింగ్‌లోకి దింపింది. ఒక పెద్ద సంఖ్య ఏ సంఖ్యల్ని గుణిస్తే వచ్చిందో కనిపెట్టడమే ఫ్యాక్టరింగ్. పదిహేనుకైతే మూడు, ఐదు అని పిల్లలు కూడా చెబుతారు. రెండు వందలకు పైగా అంకెలున్న సంఖ్యకు చెప్పాలంటే ఒక కంప్యూటర్ జీవితకాలం చాలదు. అందుకని ప్రపంచమంతటా వాలంటీర్లు తమ కంప్యూటర్లను ఖాళీ వేళల్లో ఈ పనికి ఇస్తారు. దీన్ని డిస్ట్రిబ్యూటెడ్ కంప్యూటింగ్ అంటారు. మా చుట్టుపక్కల వాలంటీర్లకు పని పంచి, ఫలితాలు పోగుచేసేవాణ్ణి నేను. జీతం లేదు. దొరికితే కనిపెట్టినవాళ్ల పట్టికలో పేరు పడుతుంది, అంతే.

మా పద్ధతిలో ఒక్కో ప్రయత్నాన్ని కర్వ్ అంటారు. పెద్ద మామిడితోటలో ఉంగరం జారిపోయిందనుకోండి. ఒక్కొక్కరు ఒక్కో దారిన వెతుక్కుంటూ పోవాలి. ‘దొరకలేదు’ అని తిరిగొచ్చినవాడి పనీ పనే, ఆ దారి మళ్లీ తొక్కక్కర్లేదు. దారిని ప్రోగ్రామే ఎంచుకుంటుంది. అది మొదలైన క్షణంలో కంప్యూటర్ గడియారం ఎంత చూపిస్తే దాన్నిబట్టి మొదటి దారి, దాన్నిబట్టి తర్వాతవన్నీ. అందుకే అందరికీ ఒకటే చెప్పేవాణ్ణి: కంప్యూటర్లను ఒక్కొక్కటిగా, ఆగి ఆగి మొదలుపెట్టండి.

ఆ కాలేజీలో సువార్త కంప్యూటర్స్ గెస్ట్ లెక్చరర్. ఊరు ఎ.కొండూరు. అమ్మానాన్నలు పత్తి చేలల్లో కూలికి వెళ్లి చదివించారు. వేసవి సెలవుల్లో ల్యాబ్‌లోని ముప్పై కంప్యూటర్లూ ఊరికే ఉంటాయని చైర్మన్ గారిని అడిగింది ఆమే. ఆయన మొదట ఇది న్యూమరాలజీ అనుకున్నారు. పేపర్లో పడే అవకాశం ఉందని తెలిశాక ఒప్పుకున్నారు. “కాలేజీకి పేరు తెచ్చావంటే జూన్‌లో పర్మినెంట్ చేస్తానమ్మా. తేలేదనుకో, గెస్ట్ గెస్టే. వచ్చినవాళ్లు వెళ్లాల్సిందే” అన్నారట. గెస్టులకు సెలవుల్లో జీతం ఉండదు. అయినా ఆమె రోజూ షేర్ ఆటోలో వచ్చి ల్యాబ్ చూసుకునేది.

ప్రారంభానికి నేను వెళ్లలేకపోయాను. ఆ సాయంత్రం ఫోన్ చేసి “మొదలయ్యాయి సార్” అంది. తర్వాత వారం వారం, సర్వర్‌లో చూసి పూర్తయిన కర్వ్‌ల మొత్తం పంపేది. అంత పెద్ద ల్యాబ్ నా చేతికి ఎప్పుడూ రాలేదు. ఆ మొత్తాలు చూసుకుని మురిసిపోయేవాణ్ణి.

సెలవుల చివర పేపరువాళ్లు ఫొటోకు వస్తున్నారని నన్ను పిలిచారు. కరెంటు బిల్లు తగ్గాలని చైర్మన్ గారు మానిటర్లన్నీ ఆపి ఉంచమన్నారు కాబట్టి, అవి వెలిగింది మళ్లీ ఆ రోజే. గుమ్మంలోనే ఆగిపోయాను. వరుస వెంబడి వరుస, దాదాపు అన్ని తెరల మీదా ఒకే కర్వ్ నంబరు, అంటే ఒకే దారి. ఒకటీ అరా వెనకబడ్డవి కూడా కాసేపట్లో అదే నంబరుకు చేరుతున్నాయి.

“చూశారా నాగేశ్వరరావు గారూ, ఎంత డిసిప్లిన్‌గా నడుస్తున్నాయో” అన్నారు చైర్మన్ గారు. “మా స్టూడెంట్లు కూడా ఇలా ఉండరండి.”

సువార్త అప్పటికే చూసేసింది.

“అన్నీ ఒకేసారి పెట్టారా అమ్మా?” అని అడిగాను.

“ముహూర్తం సార్. సర్వర్ నుంచి ఒక్క క్లిక్‌తో అన్నీ స్టార్ట్ అవ్వాలన్నారు. ఆగి ఆగి పెడదామని చెప్పాను.”

“ముహూర్తం ఆగుతుందా ఏంటి?” అన్నారు చైర్మన్ గారు. “సిద్ధాంతి గారు నిమిషంతో సహా పెట్టిచ్చారు.”

“సెకనైనా అటూ ఇటూ అవుతుందిలే అనుకున్నాను సార్” అంది సువార్త, నెమ్మదిగా.

కాలేదు. ఆన్‌లైన్ పరీక్షల కోసం ఆ ల్యాబ్ గడియారాలన్నీ సర్వర్‌తో కలిపి పెట్టారు. మధ్యలో కరెంటు పోయినా ప్రోగ్రామ్ ఆగిన చోటి నుంచే సాగుతుంది కాబట్టి దారి మారే వీలే లేకపోయింది.

“అందరూ వెళ్లి ఒకే చెట్టు కింద వెతికారండి. ఒక్కడు వెతికినట్టే లెక్క” అని చైర్మన్ గారికి చెప్పాను.

“వెతికారా, లేదా?”

“వెతికారు.”

“మరింకేం. అదే రాస్తారు.”

అదే రాశారు. పేపరువాళ్లు వెళ్లాక ఆయన సువార్త వైపు తిరిగి, “మెషీన్ల సంగతి తెలిసినదానివి నువ్వు. గట్టిగా చెప్పాలి కదమ్మా” అన్నారు.

“గట్టిగా చెబితే ఆ రోజే పంపించేసేవారు సార్” అంది.

జూన్‌లో ఆమెకు పిలుపు రాలేదు. నేను వెళ్లి అడిగితే చైర్మన్ గారు చల్లగా, “పని జరగలేదని మీరే అన్నారు కదండీ” అన్నారు. నా నోటి నిజంతోనే ఆమె ఉద్యోగం తీసేశారు. గేటు దాటుతుంటే ఫ్లెక్సీ కడుతున్నారు.

ఆ రోజు ల్యాబ్‌లో ఒక్క తెర మీద మాత్రం వేరే నంబరు ఉంది. మూలనున్న కంప్యూటర్ అది. ముహూర్తం వేళకు హ్యాంగ్ అయింది. అపశకునమని, ఫొటోలో కనపడకుండా దాని మీద గుడ్డ కప్పించారట. అతిథులు టిఫిన్లకు వెళ్లాక సువార్త ఆ గుడ్డ తీసి, దాన్ని విడిగా మొదలుపెట్టింది.

ఈ పనిలో దొరక్కపోవడానికి కూడా విలువ ఉందని పుస్తకాల్లో చదువుకున్నాను. అయితే ఎవరి దారి వాళ్లు నడిస్తేనే ఆ విలువ. ఎంతమంది కలిసి కదిలారన్నది లెక్కలోకి రాదు. పేపర్లోకి మాత్రం అదే వస్తుంది.

సాయం చేసినవారికి కృతజ్ఞతలు చెప్పాలి. పుస్తకం ఇచ్చిన కరుణాకర్ గారికి, రైస్ మిల్లు ఆఫీసు కంప్యూటర్ ఇచ్చిన సుబ్బారావు గారికి, చర్చి ఆఫీసుది ఇచ్చిన ఫాదర్ జోజి గారికి, పెళ్లిళ్ల సీజన్లో కూడా తన మెషీన్ ఆపని డీటీపీ మస్తాన్‌కి. చైర్మన్ గారి పేరు ఫ్లెక్సీ మీద ఉంది, ఇక్కడ అక్కర్లేదు.

చివరగా సువార్తకు. ఇప్పుడు విజయవాడలో ఒక బట్టల షోరూంలో బిల్లింగ్ కౌంటర్లో ఉంటోంది. మేం విడగొట్టాలనుకున్న సంఖ్య ఇంకా విడిపోలేదు. ఆ ల్యాబ్ నుంచి నేను లెక్కలో రాసుకున్నవి రెండే దారుల వరుసలు. ఒకటి ముహూర్తం వేసింది, రెండోది సువార్త వేసింది. ఆమె దారిలోనూ ఏమీ దొరకలేదు. అటు ఇక ఎవరూ వెళ్లక్కర్లేదు.