నరేన్ దిద్దిన నీళ్లు

చూలై పేటలో పెళ్లి ఫోటోలు తీసేవాళ్లకు నరేన్ పేరు తెలుసు గానీ మొహం తెలియదు. ఫోటోలు అతని ఫోన్‌లోకే వస్తాయి, ఫోన్‌లోంచే పోతాయి. వచ్చేవన్నీ రా ఫైళ్లు. కెమెరా చూసిందంతా దాచుకుని, తనంత తానుగా ఏ మెరుగూ పెట్టని పచ్చి సరుకు అది. తెరిస్తే పెళ్లికూతురు కూడా జ్వరం పడి లేచినట్టు ఉంటుంది. నరేన్ వేలు పెడితే చీకట్లోంచి జరీ అంచు బయటికొస్తుంది, ఎర్రబడ్డ కళ్లు తెల్లబడతాయి. కంప్యూటర్ పాడై మూడేళ్లయింది, మళ్లీ కొనాలని అనిపించలేదు. పదకొండేళ్ల అలవాటు వేలికి పట్టేసింది. అది మనిషిని అడిగి పని చేయదు.

అతని మేనమామ చిన్నస్వామి ఎన్నూరు ఏట్లో చేత్తో రొయ్యలు పట్టే మనిషి. నీళ్లలోకి దిగి, అడుగున తడుముకుంటూ పోవాలి. కొన్నేళ్లుగా చేతికి రొయ్య కంటే కరెంటు ఫ్యాక్టరీలు వదిలే బూడిద ఎక్కువ తగులుతోంది. పూడిక తీయించమని ఏటిమీద బతికేవాళ్లంతా అర్జీ పెట్టుకున్నారు. విచారణకు ఫోటో తెమ్మని ఆఫీసువాళ్లు అన్నారు.

"నువ్వు ఫోటోల్లో కొమ్ములు తిరిగినోడివి గదా, ఆడికొచ్చి ఒకటి తీసియ్యరా," అన్నాడు మామ.

నరేన్ ఆదివారం వెళ్లాడు. ఫోన్‌తోనే, బుద్ధిగా రా ఫైలుగానే తీశాడు. నీళ్లు బూడిదరంగు, ఆకాశం బూడిదరంగు, మధ్యలో నడుము లోతున మామ. తిరుగు బస్సులో, పక్కన లారీలు దుమ్ము లేపుతుంటే, ఫోటో తెరిచాడు. మసకగా ఉంది. మసకగా ఉన్నదాన్ని అలాగే వదిలేయడం అతని వృత్తిలో తప్పు. మసక తీసేశాడు, నీలం పెంచాడు, మామ మొహాన కాస్త వెలుగు పోశాడు. బస్సు దిగేసరికి పని పూర్తయింది. మర్నాడు పెద్ద ప్రింటు తీయించి, కవర్లో పెట్టి, మూత అంటించి మరీ మామకు పంపాడు. ఇంత పనిమంతుడికి ఒక్కసారైనా అనుమానం రాలేదంటే ఏమనాలి?

విచారణ రోజు మామకు తోడుగా తనూ వెళ్లాడు. ఆఫీసరు కవరు చించి ప్రింటు చూసి, కళ్లద్దాలు సర్దుకుని, మళ్లీ చూశాడు.

"చోటు చాలా బాగుందే! ఇందులో బూడిద ఎక్కడ?"

నరేన్ గబగబా ఫోన్ తీసి, అసలు ఫైలు తెరిచి, తను చేసిన మార్పులన్నీ రద్దు చేశాడు. అందరి కళ్లముందే నీలం పోయి ఏరు బూడిదరంగుకు తిరిగింది.

"ఇదీ సార్ నిజం."

"ఒక వేలితో నీలం చేశావు, అదే వేలితో బూడిద చేశావు. దేన్ని నమ్మమంటావు?"

ఆయన మాటలో కోపం లేదు. ఫోటో చెల్లదని రాసి, ప్రింటు తిరిగిచ్చి, మూడు నెలల తర్వాత రమ్మన్నాడు.

మెట్లు దిగుతూ నరేన్ తల ఎత్తలేకపోయాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. మామ నాలుగు తిట్లు తిడితే బాగుండేది. ఆయన తిట్టలేదు, ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గరికి నడిచి రెండు టీలు చెప్పాడు.

"తప్పయిపోయింది మామా. ఈసారి ఏం ముట్టుకోకుండా, తీసింది తీసినట్టే తెస్తా. ఆ ప్రింటు ఈడ పారేయి."

"పారేసేదెందుకురా?" చిన్నస్వామి చెయ్యి పంచెకు తుడుచుకుని, ప్రింటును మడత పడకుండా కవర్లోకి జారవిడిచాడు. "నా చిన్నప్పుడు ఏరు ఇట్నే ఉన్నింది. మీ అత్తకి ఎన్నిసార్లు చెప్పినా నమ్మలా. ఇప్పుడు చూపిస్తా."