బావ గేటు ముందు రెండో గేరు

పంపకాల్లో మా బావ నాకు కారిచ్చాడు. టాటానగర్ పక్కన ఆదిత్యపూర్‌లో మేమిద్దరం కలిసి పెట్టిన షెడ్డులో లేతులు, డ్రిల్లింగ్ యంత్రాలు, రేకులు గుద్దే పవర్ ప్రెస్సు, ట్రక్కుల ఫ్యాక్టరీ ఆర్డర్లు అన్నీ తన వైపు ఉంచుకుని, మూల టార్పాలిన్ కింద పడివున్న రెండు తలుపుల స్పోర్ట్స్ కారుని నా వైపు తోశాడు. మంచి రోజుల్లో, బదిలీ మీద వెళ్ళిపోతున్న ఆఫీసరెవరి దగ్గరో బావ డాబుకి కొన్నది. అప్పటికే లక్షన్నర కిలోమీటర్లు తిరిగేసింది. పెద్దమనుషులు కూర్చుని ఉండగానే అన్నాడు.

"నీకు సోకు గదేటే మరదలా, సోకు బండి తీసుకో. ఆర్నెల్లు తిరగదు. తోసుకుంటా మళ్ళీ నా గేటు కాడికే వత్తావు."

అందరూ నవ్వారు. మా అప్ప, నా సొంత అక్క, ఆయన భార్య, వంటింట్లోంచి బయటకి రాలేదు. డ్రాయింగులు గీసింది నేను, కొలతలు సరిచూసింది నేను, ఆర్డర్ల కోసం తిరిగింది నేను. ఆ మాటే చెప్పబోతే, నేనక్కడ లేనట్టే మొహం అటు తిప్పుకున్నాడు. ఒళ్ళు మండిపోయింది. ఈ బండిని ఆయన కళ్ళ ముందే నడిపి చూపిస్తానని ఆ రోజే అనుకున్నాను.

అదే రోడ్డు చివర చిన్న షెడ్డు అద్దెకు తీసుకుని, ఒక పాత లేతు వేసుకున్నాను. వేరేచోట దొరక్క కాదు. అక్కడికి వెళ్ళాలంటే, ఇల్లూ షెడ్డూ ఒకే ఆవరణలో ఉన్న బావ గేటు దాటే వెళ్ళాలి.

నా ఇల్లు గోవింద్‌పూర్‌లో. రోజూ ఊరు ఆ చివర నుంచి ఈ చివరకి వచ్చి, ఖర్కాయి నది వంతెన దాటాలి. నేలకి జానెడు ఎత్తులో ఉండే బండికి దారిలో ఉన్న స్పీడ్ బ్రేకర్లన్నీ శత్రువులే. మొదటి నెలలోనే ఇంజను అడుగున ఆయిల్ ట్యాంకు పగిలింది. లేతు మీద అల్యూమినియం రింగులు తిప్పి, స్ప్రింగుల మీద కూర్చోబెట్టి బండి ఎత్తు పెంచాను. చక్రాలని పట్టి ఉంచే ఇనుప చేతుల్లో ఉండే బుష్‌లు అరిగిపోతే కంపెనీవాళ్ళు అవి చేయడం మానేశామన్నారు. నైలాన్ కడ్డీ కోసి నేనే చేసుకున్నాను. ఎర్రదుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టరు ప్రతి ఆదివారం దులపాలి. టైమింగ్ బెల్టు పార్సిల్‌లో టాటానగర్ స్టేషనుకి వస్తే, పసిపిల్లని తెచ్చుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను. బిగించిన ప్రతి బోల్టుకీ బావ పేరు తలుచుకునేదాన్ని. ఆ కోపంలో రెండు బోల్టులు విరగ్గొట్టాక, బిగువు కొలిచే రెంచి కొనక తప్పలేదు.

నడుస్తోంది కదా అని ఊరుకోలేదు. రేడియేటరు పెద్దది వేశాను. బ్రేకు డిస్కులు మార్చాను. తరవాత అసలు పని, సైలెన్సరు. స్టీలు గొట్టం వంచి, అడ్డేమీ లేకుండా వెల్డింగ్ చేయించాను. దానితో బండికి బలం పెరిగిందో లేదో గానీ గొంతు మాత్రం పెరిగింది. రోజూ పొద్దున్న బావ గేటు ముందుకి రాగానే రెండో గేరులోకి దింపి, యాక్సిలరేటరు అదిమేదాన్ని. వీధికుక్కలు పరిగెత్తేవి. గేటు పక్కన కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటున్న మా బావ మాత్రం తల ఎత్తేవాడు కాదు. ఎంత పొగరు! దాంతో నేను ఇంకా పెద్ద గొట్టం వేయించేదాన్ని. మా కాలనీవాళ్ళు చేతులెత్తి దండం పెట్టారు. బావ తల ఎత్తలేదు. ఏళ్ళు గడిచి బండి రెండు లక్షల కిలోమీటర్లు దాటింది.

మొన్న చలికాలంలో ఒకరోజు పెద్ద లారీ ఒకటి ఆయన గేట్లోకి వెనక్కి వెళ్తూ రోడ్డంతా ఆక్రమించింది. బావ నాకు వీపు పెట్టి, నా బానెట్‌కి రెండడుగుల దూరంలో నిలబడి లారీకి చెయ్యి ఊపుతున్నాడు. ఇంతకంటే మంచి అవకాశం రాదనుకుని, క్లచ్చి తొక్కిపట్టి ఇంజనుని అరిపించాను. పనివాళ్ళు చెవులు మూసుకున్నారు. ఆయన తిరగలేదు. ఎవరో భుజం తట్టాక తిరిగి చూసి, నవ్వుతూ కిటికీ దగ్గరికి వచ్చాడు.

"బండి బలే ఉంచావే మరదలా. పక్కన నిలబడ్డా సప్పుడే నేదు."

వెక్కిరిస్తున్నాడనుకుని కళ్ళలోకి చూశాను. వెక్కిరింత లేదు. నిజంగానే మెచ్చుకుంటున్నాడు.

మధ్యాహ్నం అప్పకి ఫోన్ చేసి నిలదీశాను. అప్పుడు బయటపెట్టింది. ప్రెస్సు మోత పక్కనే నిలబడి నిలబడి, పంపకాలకి ముందే ఆయన చెవులు పోయాయట. తెలిస్తే ఆర్డర్లు ఇవ్వరని ఎవరికీ చెప్పనివ్వలేదట.

"మొకం సూసి పోల్చుకుంటాడే. పెదాలు కలిసే మాటలైతే బాగా తెలుత్తాయి. నీ బండి సప్పుడు రోజూ నాకే ఇనబడతాది" అంది. ఇక పాతవన్నీ వదిలెయ్యమని కూడా అంది.

జాలి పడాల్సింది. పడలేదు. చెవులు పోతే పోయాయి, మంచి యంత్రాలు ఏరుకునేటప్పుడు కళ్ళు బాగానే పనిచేశాయి కదా. నన్ను దహించింది వేరే సంగతి. ఇన్నేళ్ళ నా కసి ఆయన దాకా చేరనే లేదు. ఆయన లెక్కలో నేను తను ఇచ్చిన బండిని భద్రంగా చూసుకుంటూ, రోజూ బుద్ధిగా గేటు దాటి వెళ్ళిపోయే మరదలిని.

మర్నాడు పొద్దున్న ఆయన గేటు ముందు బండి ఆపి, ఇంజను కట్టేశాను. పనివాళ్ళు టీ తాగుతున్నారు. అప్ప వరండాలో బట్టలారేస్తోంది. నన్ను చూసి బావ పేపరు మడిచి, నిన్నటి నవ్వుతోనే కిటికీ దగ్గరికి వచ్చాడు. అద్దం దించాను.

'మ' అనాలంటే పెదాలు కలవాలి. 'బ' అనాలన్నా కలవాలి. నేను అనవలసిన మాటలో రెండూ ఉన్నాయి. గొంతు బయటికి రానివ్వకుండా, ఆయన మొహంలోకి చూస్తూ, నెమ్మదిగా పెదాలతోనే అన్నాను.

"మోసం సేసావు బావా."

పనివాళ్ళకి గానీ అప్పకి గానీ ఏమీ వినబడలేదు. బావ నవ్వు కాసేపు అలాగే ఉండి, తరవాత పోయింది. ఏటన్నావని అడగలేదు.